కంటెయినర్లలో ప్రాసెస్‌లు, సిగ్నళ్ల నిర్వహణ

కంటెయినర్ అంటే మిగతా వ్యవస్థ నుంచి వేరుచేసి నడిపే ప్రాసెస్‌ల గుంపు. దానికి సొంత కెర్నల్ ఉండదు. ఆతిథ్యమిచ్చే యంత్రంలోని లినక్స్ కెర్నలే దాన్నీ నడుపుతుంది. వర్చువల్ మెషీన్‌కూ దీనికీ ఉన్న ప్రధాన భేదం ఇదే. లోపలి ప్రోగ్రాములకు మాత్రం ఫైళ్లు, నెట్‌వర్క్, ప్రాసెస్ సంఖ్యలు అన్నీ తమ కోసమే ఉన్నట్టు కనిపిస్తాయి. ఇలా వేరుచేసిన చోట మొదట మొదలైన ప్రోగ్రాముకు 1 అనే ప్రాసెస్ సంఖ్య దక్కుతుంది. యూనిక్స్ సంప్రదాయంలో ఆ సంఖ్య ‘ఇనిట్’ అనే ప్రోగ్రాముది. దాని వెంట కొన్ని హక్కులు, కొన్ని బాధ్యతలు వస్తాయి. వెబ్ సర్వర్‌గానో డేటాబేస్‌గానో రాసిన ప్రోగ్రాముకు ఆ బాధ్యతల సంగతి తెలియదు. ఆపమంటే కంటెయినర్ వెంటనే ఆగకపోవడం, చనిపోయిన ప్రాసెస్‌లు పట్టికలో పేరుకుపోవడం, చేతిలో ఉన్న పని సగంలో తెగిపోవడం వంటి ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

ఈ వ్యాసం లినక్స్ కంటెయినర్లకే పరిమితం.

చారిత్రక నేపథ్యం

ప్రోగ్రామును ఒక డైరెక్టరీ హద్దుల్లో ఉంచే ‘సీహెచ్‌రూట్’ సదుపాయం 1979 నాటి ఏడో వెర్షన్ యూనిక్స్‌తో వచ్చింది. అది ఫైళ్లను దాచేదే తప్ప ప్రాసెస్‌లను కాదు. లోపలి ప్రోగ్రాము తగిన హక్కులుంటే బయటి ప్రాసెస్‌కు సిగ్నల్ పంపగలిగేది. 2000లో ఫ్రీబీఎస్‌డీ 4.0తో వచ్చిన ‘జైల్’ ప్రాసెస్‌ల మధ్య కూడా గోడ కట్టింది. 2005లో సొలారిస్ 10 ‘జోన్’లను తెచ్చింది.

లినక్స్‌లో ఈ పని ముక్కలు ముక్కలుగా జరిగింది. 2002లో 2.4.19 కెర్నల్‌లో మౌంట్ నేమ్‌స్పేస్ (ప్రాసెస్‌ల గుంపుకు వేరే ఫైళ్ల దృశ్యం చూపే ఏర్పాటు) చేరింది. 2006లో గూగుల్ ఇంజినీర్లు పాల్ మెనేజ్, రోహిత్ సేథ్ ‘ప్రాసెస్ కంటెయినర్లు’ పేరుతో మొదలుపెట్టిన పని తర్వాత సీగ్రూప్ (ప్రాసెస్‌ల గుంపుకు వనరుల పరిమితి పెట్టే ఏర్పాటు) అని పేరు మార్చుకుని, 2008 జనవరిలో విడుదలైన 2.6.24 కెర్నల్‌లో కలిసింది. ఈ వ్యాసానికి ముఖ్యమైన ప్రాసెస్ సంఖ్యల నేమ్‌స్పేస్ కూడా అదే కెర్నల్‌తో వచ్చింది. దాని మూల ఫైలులో రచయితలుగా కనిపించే పేర్లు రెండు: ఓపెన్‌వీజెడ్ బృందంలోని పావెల్ ఎమెల్యనోవ్, ఐబీఎంలోని సుకదేవ్ భట్టిప్రోలు. వీటిని కలిపి వాడుకునే ఎల్‌ఎక్స్‌సీ పరికరాలు 2008లోనే మొదలయ్యాయి. 2013 మార్చిలో పైకాన్ సభలో సాలమన్ హైక్స్ డాకర్‌ను ప్రదర్శించారు. మొదట్లో డాకర్ ఎల్‌ఎక్స్‌సీ మీదే నడిచింది. 2014లో 0.9 వెర్షన్ నుంచి సొంత లైబ్రరీకి మారింది. 2015 జూన్‌లో కంటెయినర్ల ప్రమాణాల కోసం ఓపెన్ కంటెయినర్ ఇనిషియేటివ్ ఏర్పడింది. ‘రన్‌సీ’ అనే రన్‌టైమ్ దాని ఆధ్వర్యంలోకి వచ్చింది.

ఇక్కడ ఒక మలుపును గమనించాలి. జోన్లు, ఓపెన్‌వీజెడ్, ఎల్‌ఎక్స్‌సీ కంటెయినర్లు ఎక్కువగా ఒక చిన్న యంత్రంలా నడిచేవి. లోపల పూర్తి స్థాయి ఇనిట్ ఉండేది, అది తన పని తాను చూసుకునేది. డాకర్ ఈ ఆనవాయితీని మార్చింది. కంటెయినర్ అంటే ఒక అప్లికేషన్ అన్న అలవాటును స్థిరపరిచింది. దాంతో ఇనిట్ మాయమైంది, దాని కుర్చీలో అప్లికేషన్ కూర్చుంది. 2015 ఆరంభంలో ఫ్యూజన్ సంస్థ ఈ సమస్యను వివరంగా రాసి చర్చకు పెట్టింది. ఆ తర్వాత రెండేళ్లలోనే దానికి చిన్న చిన్న పరిష్కారాలు పుట్టుకొచ్చాయి (చూడండి: చిన్న ఇనిట్‌లు).

ప్రాసెస్ సంఖ్యల నేమ్‌స్పేస్

ఈ నేమ్‌స్పేస్‌లు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. లినక్స్ 32 అంతస్తుల వరకు అనుమతిస్తుంది. ఒక ప్రాసెస్‌కు అది ఉన్న అంతస్తులోనూ, దాని పైన ఉన్న ప్రతి అంతస్తులోనూ ఒక్కో సంఖ్య ఉంటుంది. కంటెయినర్ లోపల 1గా కనిపించే ప్రోగ్రామే బయటి యంత్రంలో 48213 కావచ్చు. పైనుంచి కిందికి చూపు ఉంటుంది, కిందినుంచి పైకి ఉండదు. అందుకే యంత్రం నిర్వాహకుడు కంటెయినర్‌లోని ప్రతి ప్రాసెస్‌నూ మామూలు పీఎస్ ఆదేశంతో చూడగలడు. లోపలివారికి బయట ఏముందో తెలియదు. పీఎస్ సమాచారమంతా ప్రోక్ అనే ఫైల్ వ్యవస్థ నుంచి వస్తుంది కాబట్టి కొత్త నేమ్‌స్పేస్‌లో దాన్ని మళ్లీ మౌంట్ చేయాలి. లేకపోతే గోడ ఉన్నా పాత దృశ్యమే కనిపిస్తుంది.

నడుస్తున్న కంటెయినర్‌లోకి బయటినుంచి కొత్త ప్రోగ్రామును పంపవచ్చు. డాకర్ ఎగ్జెక్ ఆదేశం చేసేది ఇదే. అలా వచ్చిన ప్రాసెస్‌కు తల్లి బయట ఉంటుంది. లోపలినుంచి చూస్తే ఆ తల్లి సంఖ్య 0గా కనిపిస్తుంది.

నేమ్‌స్పేస్‌లో 1వ సంఖ్య ప్రాసెస్‌కు కెర్నల్ మూడు ప్రత్యేక నియమాలు పెట్టింది. మొదటిది రక్షణ. ఆ ప్రాసెస్ తానుగా హ్యాండ్లర్ (సిగ్నల్ వస్తే నడిచే సొంత కోడు) పెట్టుకోని సిగ్నల్‌ను లోపలివారు ఎవరు పంపినా కెర్నల్ పారేస్తుంది. బలవంతంగా చంపే సిగ్‌కిల్‌కు అసలు హ్యాండ్లర్ పెట్టుకోవడమే కుదరదు కాబట్టి కంటెయినర్ లోపల రూట్ యూజర్‌గా ఉండి ‘కిల్ -9 1’ కొట్టినా ఏమీ జరగదు. పై నేమ్‌స్పేస్ నుంచి వచ్చే సిగ్నళ్లకూ ఇదే నియమం. అక్కడినుంచి వచ్చే సిగ్‌కిల్, సిగ్‌స్టాప్‌లకు మాత్రం మినహాయింపు ఉంది, అవి తప్పక పనిచేస్తాయి. రెండోది బాధ్యత. తల్లి చనిపోయిన ప్రాసెస్‌లు సాధారణంగా 1వ ప్రాసెస్ ఒడికే చేరతాయి. మూడోది మరణం. 1వ ప్రాసెస్ ముగిస్తే కెర్నల్ ఆ నేమ్‌స్పేస్‌లో మిగిలిన అన్నిటికీ సిగ్‌కిల్ పంపుతుంది. ఆ తర్వాత అందులో కొత్త ప్రాసెస్‌ను పుట్టించడం కుదరదు. అసలు యంత్రంలో ఇనిట్ చనిపోతే కెర్నల్ పానిక్ అవుతుంది, కంటెయినర్‌లో కంటెయినర్ మాత్రమే పోతుంది.

సిగ్నళ్లు: పనిచేసే తీరు

సిగ్నల్ అంటే ఒక ప్రాసెస్‌కు కెర్నల్ ద్వారా అందే చిన్న సంకేతం. అందులో సంఖ్య తప్ప చెప్పుకోదగ్గ సందేశం ఉండదు. అందుకున్న ప్రాసెస్ దాన్ని పట్టించుకోకుండా వదిలేయవచ్చు, తన హ్యాండ్లర్‌తో పట్టుకోవచ్చు, లేదా కెర్నల్ నిర్ణయించిన సహజ చర్యకు వదిలేయవచ్చు. చాలా సిగ్నళ్లకు ఆ సహజ చర్య ప్రాసెస్ ముగియడమే. కంటెయినర్లలో తరచూ ఎదురయ్యేవి కొన్నే. సిగ్‌టర్మ్ (15) మర్యాదగా ముగించమని అడుగుతుంది. సిగ్‌కిల్ (9) అడగదు. సిగ్‌ఇంట్ (2) కంట్రోల్-సీ నొక్కితే వచ్చేది. సిగ్‌హప్ (1)ను చాలా సర్వర్లు సెట్టింగులు మళ్లీ చదవడానికి వాడతాయి. పిల్ల ప్రాసెస్ ముగిసినప్పుడు తల్లికి సిగ్‌చైల్డ్ (17) వస్తుంది. సిగ్‌కిల్‌ను, సిగ్‌స్టాప్ (19)ను ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు, ఆపలేదు. ఈ సంఖ్యలు ఎక్స్86, ఆర్మ్ యంత్రాలవి.

మామూలు సిగ్నళ్లు వరుసలో నిలబడవు. ఒక సిగ్నల్ అందేలోపు అదే సిగ్నల్ మళ్లీ వస్తే రెండూ కలిసి ఒకటిగానే అందుతాయి. సిగ్‌చైల్డ్ విషయంలో ఇది ముఖ్యం. ఒక సిగ్‌చైల్డ్‌కు ఒక పిల్ల మాత్రమే చనిపోయిందని లెక్కవేసే ప్రోగ్రాము కొన్నిటిని వదిలేస్తుంది. ముగిసిన పిల్లలు ఇక లేవని కెర్నల్ చెప్పే దాకా అడుగుతూ పోవడమే సరైన పద్ధతి.

కొత్త ప్రోగ్రాము పాత ప్రాసెస్ స్థానంలోకి వచ్చినప్పుడు, అంటే ఎగ్జెక్ జరిగినప్పుడు, పాతదాని హ్యాండ్లర్లు పోతాయి. కానీ ఆపి ఉంచిన సిగ్నళ్ల జాబితా, ‘పట్టించుకోవద్దు’ అన్న గుర్తులు అలాగే వారసత్వంగా వస్తాయి. ఆరంభ స్క్రిప్టులో ఎవరో సిగ్‌టర్మ్‌ను పట్టించుకోవద్దని రాస్తే ఆ తర్వాత వచ్చే సర్వర్ కూడా దానికి చెవిటిదే అవుతుంది, సర్వర్ తనంతట తాను హ్యాండ్లర్ పెట్టుకుంటే తప్ప.

టెర్మినల్ సంగతి వేరు. కంటెయినర్‌ను టెర్మినల్‌తో నడిపినప్పుడు కంట్రోల్-సీ ఒక అక్షరంగా లోపలికి వెళ్తుంది. లోపలి టెర్మినల్ దాన్ని సిగ్‌ఇంట్‌గా మార్చి ముందువరుసలోని ప్రాసెస్ గ్రూపు మొత్తానికి ఇస్తుంది. టెర్మినల్ లేకుండా నడిపితే డాకర్ క్లయింటే ఆ సిగ్నల్‌ను అందుకుని 1వ ప్రాసెస్‌కు చేరవేస్తుంది. చేతితో పరీక్షించినప్పుడు బాగా ఆగిన కంటెయినర్ సర్వర్ మీద ఆగకపోవడానికి ఈ తేడా ఒక కారణం.

కంటెయినర్‌ను ఆపే క్రమం

డాకర్ స్టాప్, పాడ్‌మన్ స్టాప్ ఆదేశాలు ఒకే క్రమాన్ని పాటిస్తాయి. ముందు 1వ ప్రాసెస్‌కు సిగ్‌టర్మ్ వెళ్తుంది. 10 సెకన్లు వేచి చూస్తాయి. అప్పటికీ ముగియకపోతే సిగ్‌కిల్ వెళ్తుంది. మొదటి సిగ్నల్ 1వ ప్రాసెస్‌కు మాత్రమే అందుతుందన్నది తరచూ మరిచిపోయే విషయం. పిల్లలకు చెప్పాల్సింది ఆ 1వ ప్రాసెసే.

ముగిసిన తీరు నిష్క్రమణ సంఖ్యలో కనిపిస్తుంది. సిగ్నల్ వల్ల ముగిస్తే 128కి సిగ్నల్ సంఖ్య కలుపుతారు. 143 అంటే సిగ్‌టర్మ్, 137 అంటే సిగ్‌కిల్, 130 అంటే సిగ్‌ఇంట్. ఆపిన ప్రతిసారీ సరిగ్గా 10 సెకన్లు పట్టి 137 వస్తోందంటే సిగ్‌టర్మ్ ఎవరికీ అందలేదని, లేదా అందినా పట్టించుకోలేదని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు.

పైథాన్ ప్రోగ్రాము దీనికి మంచి ఉదాహరణ. పైథాన్ ఇంటర్‌ప్రెటర్ సిగ్‌ఇంట్‌కు తానే హ్యాండ్లర్ పెట్టుకుంటుంది, సిగ్‌టర్మ్‌కు పెట్టుకోదు. మామూలు యంత్రంలో దీనివల్ల నష్టం లేదు, సిగ్‌టర్మ్ సహజ చర్యే ప్రోగ్రామును ముగిస్తుంది. కంటెయినర్‌లో 1వ ప్రాసెస్‌గా నడిస్తే ఆ సహజ చర్యను కెర్నల్ పారేస్తుంది. ఫలితంగా కంట్రోల్-సీకి వెంటనే ఆగే ప్రోగ్రాము డాకర్ స్టాప్‌కు 10 సెకన్లు మొండికేసి చివరికి చంపించుకుంటుంది. నోడ్‌జేఎస్ కూడా 1వ ప్రాసెస్‌గా నడవడానికి రూపొందించినది కాదని దాని డాకర్ ఇమేజ్ నిర్వాహకులే సూచనల్లో రాశారు. జావా వర్చువల్ మెషీన్ ఈ విషయంలో నయం. సిగ్‌టర్మ్‌ను పట్టుకుని ముగింపు పనులు చేసి 143తో వెళ్తుంది.

అన్ని సర్వర్లకూ సిగ్‌టర్మ్ ఒకే అర్థం కాదు. ఎన్‌జిన్‌ఎక్స్ సిగ్‌టర్మ్ వస్తే తెరిచి ఉన్న కనెక్షన్లను తెంచేసి ముగుస్తుంది, సిగ్‌క్విట్ వస్తే చేతిలో ఉన్న అభ్యర్థనలు పూర్తిచేసి ముగుస్తుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో సిగ్‌టర్మ్ అంటే కనెక్ట్ అయినవారంతా తమంతట తాము వెళ్లేదాకా ఆగడం, సిగ్‌ఇంట్ అంటే వారిని పంపించి త్వరగా, కానీ పద్ధతిగా మూయడం, సిగ్‌క్విట్ అంటే అత్యవసరంగా మూయడం. అందుకే డాకర్‌ఫైల్‌లో స్టాప్‌సిగ్నల్ అనే సూచన ఉంది. దాంతో ఇమేజ్ తయారుచేసేవారు ఏ సిగ్నల్ పంపాలో చెప్పవచ్చు. ఎన్‌జిన్‌ఎక్స్ అధికారిక ఇమేజ్ సిగ్‌క్విట్‌ను, పోస్ట్‌గ్రెస్ ఇమేజ్ సిగ్‌ఇంట్‌ను ఎంచుకున్నాయి. అపాచీ వెబ్ సర్వర్ మర్యాదగా ఆగడానికి సిగ్‌వించ్‌ను వాడుతుంది. అది నిజానికి టెర్మినల్ కిటికీ పరిమాణం మారినప్పుడు వచ్చే సిగ్నల్. అపాచీ కంటెయినర్‌ను టెర్మినల్‌తో నడుపుతూ కిటికీని లాగి పెద్దది చేస్తే సర్వర్ ఆగిపోవడం చూసి తెల్లబోయినవారు ఉన్నారు.

షెల్ మధ్యలో చేరినప్పుడు

డాకర్‌ఫైల్‌లో నడపాల్సిన ఆదేశాన్ని రెండు రూపాల్లో రాయవచ్చు. చదరపు బ్రాకెట్లలో జాబితాగా రాస్తే ప్రోగ్రాము నేరుగా మొదలవుతుంది. మామూలు వాక్యంగా రాస్తే డాకర్ దాన్ని షెల్ చేతికి ఇస్తుంది. అప్పుడు షెల్ 1వ ప్రాసెస్, అసలు ప్రోగ్రాము దాని పిల్ల. షెల్‌కు సిగ్‌టర్మ్‌ను పిల్లలకు చేరవేసే అలవాటు లేదు. తనకు హ్యాండ్లర్ లేదు కాబట్టి తానూ ముగియదు. కొన్ని షెల్‌లు ఒకే ఆదేశం ఉన్నప్పుడు పిల్లను పుట్టించకుండా తామే ఆ ప్రోగ్రాముగా మారిపోతాయి. అందువల్ల ఒక బేస్ ఇమేజ్ మీద సరిగ్గా ఆగిన కంటెయినర్ ఇంకో బేస్ ఇమేజ్ మీద ఆగకపోవచ్చు. ఈ సౌలభ్యాన్ని నమ్ముకోకుండా జాబితా రూపమే వాడటం మేలు.

ఆరంభ స్క్రిప్టు తప్పనిసరైన సందర్భాలు ఉంటాయి: ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ చూసి సెట్టింగుల ఫైలు రాయడం, డేటా డైరెక్టరీ హక్కులు సరిచేయడం వంటివి. అప్పుడు స్క్రిప్టు చివరి వరుసలో అసలు ప్రోగ్రాము ముందు ‘ఎగ్జెక్’ అని పెడితే షెల్ తప్పుకుని ఆ 1వ సంఖ్యను ప్రోగ్రాముకు అప్పగిస్తుంది. ఒక్క పదంతో తీరే ఈ సమస్య ఇప్పటికీ ఎన్నో ఇమేజ్‌లలో కనిపిస్తుంది.

స్క్రిప్టు చివరిదాకా బతికి ఉండాల్సి వస్తే ‘ట్రాప్’ ఆదేశంతో సిగ్నల్‌ను పట్టుకోవచ్చు. ఇక్కడొక చిక్కు ఉంది. ముందువరుసలో ఒక ప్రోగ్రాము నడుస్తుంటే బాష్ దాని ముగింపు వచ్చేదాకా ట్రాప్‌లోని పనిని మొదలుపెట్టదు. కాబట్టి ప్రోగ్రామును వెనకవరుసలో నడిపి, ‘వెయిట్’ మీద నిలబడాలి. సిగ్నల్ రాగానే వెయిట్ తెగుతుంది, ట్రాప్ నడుస్తుంది. అక్కడ పిల్లకు సిగ్‌టర్మ్ పంపి మళ్లీ వెయిట్ చేయాలి. రెండో వెయిట్ మరిచిపోతే షెల్ ముందే ముగిసి, పిల్ల సిగ్‌కిల్ పాలవుతుంది.

అనాథలు, జాంబీలు

ప్రాసెస్ ముగిసినా దాని నిష్క్రమణ సంఖ్యను తల్లి అడిగి తీసుకునేదాకా కెర్నల్ పట్టికలో దాని వరుస ఉండిపోతుంది. చనిపోయిన మనిషి పేరు రేషన్ కార్డులో ఉండిపోయినట్టే. ఇలాంటి ప్రాసెస్‌ను జాంబీ అంటారు. పీఎస్ జాబితాలో అది జెడ్ అక్షరంతో, డిఫంక్ట్ అన్న గుర్తుతో కనిపిస్తుంది. దానికి మెమరీ, సీపీయూ ఖర్చు దాదాపు లేదు. సంఖ్య మాత్రం ఖాళీ కాదు. ఇప్పటికే చనిపోయింది కాబట్టి దాన్ని సిగ్‌కిల్‌తో చంపడం కుదరదు. తల్లి వెయిట్ పిలుపు చేయాలి, లేదా తల్లి చనిపోవాలి.

తల్లి ముందే చనిపోతే పిల్ల అనాథ అవుతుంది. కెర్నల్ దాన్ని పూర్వీకుల్లో ‘సబ్‌రీపర్’గా నమోదైన ప్రాసెస్‌కు, అలాంటిది లేకపోతే 1వ ప్రాసెస్‌కు అప్పగిస్తుంది. మామూలు యంత్రంలో ఇనిట్ ఈ అనాథలు ముగిసిన వెంటనే వాటి లెక్క తేలుస్తుంది. కంటెయినర్‌లో 1వ ప్రాసెస్‌గా ఉన్న వెబ్ అప్లికేషన్‌కు తాను పుట్టించని పిల్లలు వచ్చి చేరతాయన్న ఊహే ఉండదు.

ఇది ఎప్పుడూ కనిపించే సమస్య కాదు. ఒకే ప్రాసెస్‌గా నడిచే సర్వర్‌కు అనాథలు రావు. హెడ్‌లెస్ క్రోమ్ బ్రౌజర్‌తో పీడీఎఫ్‌లు తయారుచేసే అప్లికేషన్లలో, జెన్‌కిన్స్ ఏజెంట్లలో, బయటి ఆదేశాలను షెల్ ద్వారా పిలిచే ప్రోగ్రాముల్లో ఇది పెరుగుతుంది. ఆరోగ్య తనిఖీ కోసం కొన్ని సెకన్లకోసారి నడిచే స్క్రిప్టు వెనకవరుసలో ఒక పిల్లను వదిలేసి వెళ్తే అదీ 1వ ప్రాసెస్ దగ్గరికే చేరుతుంది.

యంత్రంలో ప్రాసెస్ సంఖ్యలకు హద్దు ఉంది. సంప్రదాయంగా అది 32768. 64 బిట్ యంత్రాల్లో 41,94,304 దాకా పెంచుకోవచ్చు. కంటెయినర్‌కు అంతకన్నా చాలా ముందే హద్దు తగలవచ్చు. 2015లో 4.3 కెర్నల్‌తో వచ్చిన సీగ్రూప్ ‘పిడ్స్’ నియంత్రకం గుంపుకు ఇన్ని ప్రాసెస్‌లే అని పరిమితి పెడుతుంది. లెక్క తేలని జాంబీలు కూడా అందులోకే వస్తాయి. పరిమితి నిండాక కొత్త ప్రాసెస్ పుట్టదు, థ్రెడ్ కూడా పుట్టదు. అప్పుడు అప్లికేషన్ లాగ్‌లో కనిపించే పొరపాటు సందేశానికీ జాంబీలకూ ఉన్న సంబంధం పైకి తెలియదు.

చిన్న ఇనిట్‌లు

1వ స్థానంలో కూర్చుని సిగ్నళ్లను చేరవేయడం, జాంబీల లెక్క తేల్చడం తప్ప ఇంకేమీ చేయని ప్రోగ్రాములు ఇవి. థామస్ ఒరోజ్కో రాసిన ‘టిని’ వీటిలో ఎక్కువ వాడుకలో ఉన్నది. యెల్ప్ సంస్థ 2016లో ‘డంబ్-ఇనిట్’ను బయటికి విడుదల చేసింది. సూసే ఇంజినీరు అలెక్సా సరై రాసిన ‘కాటటోనిట్’ను పాడ్‌మన్ వాడుతుంది. 2017 జనవరిలో వచ్చిన డాకర్ 1.13 నుంచి టిని డాకర్‌తోపాటే వస్తోంది. రన్ ఆదేశానికి ‘ఇనిట్’ ఐచ్ఛికం చేరిస్తే చాలు, ఇమేజ్‌ను మార్చనక్కర్లేదు.

పైకి ఒకేలా ఉన్నా టినికి, డంబ్-ఇనిట్‌కు ముఖ్యమైన తేడా ఉంది. టిని సహజంగా తన నేరు పిల్లకు మాత్రమే సిగ్నల్ పంపుతుంది. కోరితే ప్రాసెస్ గ్రూపు మొత్తానికి పంపుతుంది. డంబ్-ఇనిట్ పద్ధతి దీనికి తలకిందులు. మధ్యలో షెల్ ఉన్న చోట గ్రూపుకు పంపే పద్ధతి ఉపకరిస్తుంది. పిల్లలను తానే క్రమంగా ముగించే సర్వర్ ఉన్న చోట అదే హాని చేస్తుంది, ఎందుకంటే పిల్లలకు రెండుసార్లు కబురు అందుతుంది, క్రమం చెడుతుంది. డంబ్-ఇనిట్ ఒక సిగ్నల్‌ను ఇంకో సిగ్నల్‌గా మార్చి పంపగలదు. టిని నిష్క్రమణ సంఖ్యను మార్చగలదు: జావా ప్రోగ్రాము పద్ధతిగా ఆగి 143 ఇచ్చినా దాన్ని వైఫల్యంగా చూపించకుండా 0గా చెప్పవచ్చు.

చిన్న ఇనిట్ ఉంటే 1వ ప్రాసెస్ రక్షణ అప్లికేషన్‌కు ఉండదు, అంటే సిగ్నళ్ల సహజ చర్యలు మళ్లీ పనిచేస్తాయి. పైన చెప్పిన పైథాన్ ప్రోగ్రాము టిని కింద వెంటనే ఆగుతుంది. అయితే అది సహజ చర్యతో ఆగడమే తప్ప చేతిలో పని పూర్తిచేసి ఆగడం కాదు. ఆ పని అప్లికేషన్ రాసేవారే చేయాలి.

పర్యవేక్షకాలు, పూర్తి ఇనిట్‌లు

ఒకే కంటెయినర్‌లో రెండు మూడు సర్వర్లు నడపాల్సి వస్తే వాటిని మొదలుపెట్టి, పడిపోతే లేపే పర్యవేక్షకం కావాలి. డి.జె. బెర్న్‌స్టైన్ రాసిన డేమన్‌టూల్స్ సంప్రదాయం నుంచి గెరిట్ పేప్ రాసిన ‘రనిట్’, లారాన్ బెర్కో రాసిన ‘ఎస్6’ వచ్చాయి. ఈ రెండూ 1వ ప్రాసెస్‌గా ఉండేలా రాసినవే. ఎస్6 మీద కట్టిన ఎస్6-ఓవర్‌లే కంటెయినర్లలో బాగా వాడుకలో ఉంది. పైథాన్‌లో రాసిన సూపర్‌వైజర్‌డీ కూడా విస్తారంగా కనిపిస్తుంది కానీ అది 1వ ప్రాసెస్‌కు ప్రత్యామ్నాయం కాదని దాని పత్రాల్లోనే ఉంది. దాని అసలు లోపం ఇంకొకటి. కింది సర్వర్ పదేపదే కూలి లేవకపోయినా సూపర్‌వైజర్‌డీ బతికే ఉంటుంది. బయటినుంచి చూసేవారికి కంటెయినర్ ఆరోగ్యంగానే కనిపిస్తుంది.

సిస్టమ్‌డీని కంటెయినర్‌లో నడిపినప్పుడు ఆపే సిగ్నల్ వేరు. సిగ్‌టర్మ్ అందితే సిస్టమ్‌డీ ఆగదు, తన స్థితిని భద్రపరచుకుని తనను తాను మళ్లీ మొదలుపెట్టుకుంటుంది. పద్ధతిగా ఆగాలంటే ‘సిగ్ఆర్‌టీమిన్+3’ అనే రియల్‌టైమ్ సిగ్నల్ పంపాలి. పాడ్‌మన్ లోపల సిస్టమ్‌డీ ఉందని గుర్తిస్తే దీన్ని తానే అమర్చుతుంది. డాకర్‌లో వాడుకరి చెప్పాలి.

ఒక కంటెయినర్‌లో ఎన్ని ప్రాసెస్‌లుండాలన్న చర్చ పాతదే. ఒకే ప్రాసెస్ అన్న కట్టుబాటు అక్షరాలా పాటించేది కాదు. పోస్ట్‌గ్రెస్ తానే ప్రతి కనెక్షన్‌కూ ఒక ప్రాసెస్‌ను పుట్టిస్తుంది, గ్యూనికార్న్ కొన్ని వర్కర్లను నడుపుతుంది. డాకర్ పత్రాలు చెప్పేది ఒక కంటెయినర్‌కు ఒక బాధ్యత అని. ఎల్‌ఎక్స్‌సీ సంప్రదాయంలో మాత్రం పూర్తి ఇనిట్‌తో నడిచే సిస్టమ్ కంటెయినర్లు ఇప్పటికీ మామూలు విషయం. రెండిటిలో ఏది మేలన్నది వాడకాన్ని బట్టి ఉంటుంది. తరచూ ఆపి మళ్లీ మొదలుపెట్టే సేవలకు మొదటి పద్ధతి, ఏళ్ల తరబడి యంత్రంలా ఉండే వాటికి రెండోది సరిపడతాయి.

కుబర్నెటీస్‌లో పాడ్ ముగింపు

2014లో గూగుల్ ప్రకటించిన కుబర్నెటీస్ కంటెయినర్లను పాడ్ అనే గుంపులుగా నడుపుతుంది. పాడ్‌ను తొలగించమన్నప్పుడు సహజ గడువు 30 సెకన్లు. ‘ప్రీస్టాప్’ పని రాసి ఉంటే అది ముందు నడుస్తుంది. ఆ తర్వాతే ఆపే సిగ్నల్ వెళ్తుంది. ప్రీస్టాప్‌కు పట్టిన సమయం కూడా ఆ 30 సెకన్లలోదే. గడువు దాటితే సిగ్‌కిల్.

సర్వర్లు నడిపేవారిని ఎక్కువగా ఇబ్బందిపెట్టేది ఇంకో సంగతి. పాడ్‌ను సేవల జాబితా నుంచి తీసేయడం, పాడ్‌కు ఆపే సిగ్నల్ పంపడం ఏకకాలంలో జరుగుతాయి, ఒకదాని తర్వాత ఒకటి కాదు. జాబితా మార్పు యంత్రాలన్నిటికీ చేరేలోపు కొత్త అభ్యర్థనలు వస్తూనే ఉంటాయి. సిగ్‌టర్మ్ రాగానే తలుపు మూసే సర్వర్ ఆ అభ్యర్థనలను తిరస్కరిస్తుంది. ప్రీస్టాప్‌లో కొన్ని సెకన్లు ఊరికే నిద్రపోవడమే దీనికి అందరూ వాడే మందు. అతుకులాంటి ఉపాయమే అయినా పనిచేస్తుంది. చివరికి కుబర్నెటీస్ కూడా ప్రీస్టాప్‌కు నిద్ర అనే చర్యను అధికారికంగా చేర్చింది.

ప్రతి పాడ్‌లో ‘పాజ్’ అనే చిన్న కంటెయినర్ ఉంటుంది. పాడ్ నేమ్‌స్పేస్‌లను పట్టి ఉంచడం దాని పని. పాడ్‌లోని కంటెయినర్లన్నీ ఒకే ప్రాసెస్ నేమ్‌స్పేస్‌ను పంచుకునేలా అమర్చితే పాజ్ 1వ ప్రాసెస్ అవుతుంది, జాంబీల లెక్క తానే తేలుస్తుంది. అప్పుడు ఒక కంటెయినర్ ఇంకోదాని ప్రాసెస్‌లను చూడగలదు, హక్కులుంటే వాటికి సిగ్నళ్లు పంపగలదు. సహాయక కంటెయినర్ల ముగింపు క్రమం చాలాకాలం గందరగోళంగా ఉండేది. 2025లో వచ్చిన 1.33 వెర్షన్‌లో స్థిరపడిన సైడ్‌కార్ ఏర్పాటుతో ప్రధాన కంటెయినర్ ముగిశాకే అవి, మొదలైన వరుసకు వెనకనుంచి, ముగుస్తాయి.

మెమరీ కొరత వల్ల వచ్చే సిగ్‌కిల్

సీగ్రూప్ తన మెమరీ పరిమితి దాటితే కెర్నల్‌లోని ఓఓఎం కిల్లర్ అందులోని ఒక ప్రాసెస్‌ను ఎంచి సిగ్‌కిల్ పంపుతుంది. ముందస్తు హెచ్చరిక ఉండదు, సిగ్‌టర్మ్ రాదు. ఎంపికైనది 1వ ప్రాసెస్ కాకపోతే కంటెయినర్ బతికే ఉంటుంది, లోపల పని మాత్రం సగం కుంటుపడుతుంది. 2018లో వచ్చిన 4.19 కెర్నల్ గుంపు మొత్తాన్ని ఒకేసారి చంపే ఐచ్ఛికాన్ని ఇచ్చింది. సీగ్రూప్ రెండో వెర్షన్ ఉన్న యంత్రాల్లో కుబర్నెటీస్ 1.28 నుంచి దీన్ని వాడుతోంది. 137 కనిపించినప్పుడు గడువు దాటిందా, మెమరీ దాటిందా అన్నది వేరుగా తేల్చుకోవాలి.

కెర్నల్‌లో తదుపరి చేర్పులు

ప్రాసెస్ సంఖ్యలు తిరిగి వాడుకలోకి వస్తాయి కాబట్టి, ఒక సంఖ్యకు సిగ్నల్ పంపేలోపు ఆ సంఖ్య ఇంకో ప్రాసెస్‌ది కావచ్చు. 2019లో 5.1 కెర్నల్ నుంచి పిడ్‌ఎఫ్‌డీ అనే పిడి ద్వారా, సంఖ్యతో పనిలేకుండా సిగ్నల్ పంపవచ్చు. 2021లో 5.14 కెర్నల్ సీగ్రూప్‌లోని అన్ని ప్రాసెస్‌లనూ ఒకే రాతతో చంపే ఫైలును ఇచ్చింది. అంతకుముందు ఒక్కొక్కదాన్నీ వెతికి చంపుతుంటే మధ్యలో కొత్తవి పుట్టే ప్రమాదం ఉండేది.

డాకర్ పాజ్ ఆదేశం సిగ్‌స్టాప్‌ను వాడదు. సిగ్‌స్టాప్‌తో ఆగినట్టు తల్లి ప్రాసెస్‌కు తెలిసిపోతుంది, తిరిగి నడిపే సిగ్‌కంట్‌ను ప్రోగ్రాము పట్టుకోగలదు. సీగ్రూప్ ఫ్రీజర్ ఇవేవీ లేకుండా గుంపును నిద్రపుచ్చుతుంది.

పరిశీలించే పద్ధతి

1వ ప్రాసెస్ ఏ సిగ్నళ్లను పట్టుకుంటోందో తెలుసుకోవడానికి ఊహించనక్కర్లేదు. ప్రోక్ కింద 1 డైరెక్టరీలోని స్టేటస్ ఫైలులో సిగ్‌సీజీటీ అనే వరుస ఉంటుంది. అది పదహారు ఆధారంగా రాసిన సంఖ్య. సిగ్నల్ సంఖ్యకు ఒకటి తక్కువ స్థానంలోని బిట్ వెలిగి ఉంటే ఆ సిగ్నల్‌కు హ్యాండ్లర్ ఉన్నట్టు. సిగ్‌టర్మ్‌ది 4000 విలువ గల బిట్. అది వెలగకపోతే ఆ ప్రోగ్రాము 1వ ప్రాసెస్‌గా సిగ్‌టర్మ్‌కు స్పందించదు. ఇమేజ్‌ను సర్వర్ మీదికి పంపేముందు ఈ ఒక్క వరుస చూసి, డాకర్ స్టాప్‌కు ఎంత సమయం పడుతోందో కొలిస్తే ఈ వ్యాసంలో చెప్పిన దోషాల్లో చాలావరకు ముందే బయటపడతాయి.

సిగ్‌కిల్‌కూ ఒక హద్దు ఉంది. డిస్క్ లేదా నెట్‌వర్క్ నిల్వ నుంచి జవాబు కోసం కదలని నిద్రలో ఉన్న ప్రాసెస్, పీఎస్‌లో డీ అక్షరంతో కనిపించేది, ఆ జవాబు వచ్చేదాకా సిగ్‌కిల్‌కు కూడా ముగియదు. ఎంతసేపటికీ తొలగని కంటెయినర్ ఎదురైతే చూడాల్సింది నిల్వ వ్యవస్థను, కంటెయినర్‌ను కాదు.